కంటింజెంటు లస్కరు

అబ్బులు గారి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అయినా రాస్తున్నాను. ఆయన బతుకు మీద పడ్డ ఒక ఇంగ్లీషు మాటని పదేళ్ళపాటు, ఒక్క అక్షరం తప్పు పోకుండా, మూడేసి కాపీలు టైపు కొట్టి ఆయన చేతికిచ్చింది నేనే. దాని అర్థం నాకు తెలీదు. తెలుసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. అందుకని ఇందులో తిట్లు తినాల్సిన వాళ్ళలో మొదటి పేరు నాదే వేసుకుంటున్నాను.

బందరులో కలెక్టరాఫీసు ఎదురుగా, రోడ్డు పక్కన టార్పాలిన్ కింద నా టైపు మిషను ఉండేది. పదో తరగతి అయ్యాక ఇంగ్లీషు టైపు హయ్యరు పాసయ్యాను. మా నాన్న బాలస్వామి గారు మిషన్ స్కూల్లో టీచరుగా చేసి పోయారు. ఆయన పోయాక ఇల్లు గడవడానికి చిలకలపూడి నుంచి రోజూ సైకిలు మీద వచ్చి అర్జీలు కొట్టేదాన్ని. నా వేళ్ళకి వచ్చినంత ఇంగ్లీషు నా బుర్రకి రాదు. ఎవరైనా పాత అర్జీ తెచ్చి చూపిస్తే అందులో మాటలు అటూ ఇటూ మార్చి కొత్తది తయారు చేస్తాను. జనం దాన్నే చదువనుకునేవాళ్ళు. నేను కూడా అనుకునేదాన్ని, అదీ నా గొప్ప.

అబ్బులు గారు మొదటిసారి నా దగ్గరికి వచ్చింది ఎనభై ఆరులో. నాగాయలంక దాటి ఇంకా కిందకి, సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లెపాలెం మనిషి. నల్లగా, పొడుగ్గా, చేతులకి గ్రీజు మరకలతో, ఎండలో నిలబడి కూడా తొందరపెట్టని మనిషి. పక్కన ఆయన భార్య కనకం. కాగితాల్లో ఆవిడ పేరు కనకమహాలక్ష్మి, కానీ ఆ పేరుతో పిలవగా నేనెప్పుడూ వినలేదు. ఊళ్ళో పెద్దా చిన్నా అందరికీ కనకమ్మే. తలుపుల మరలకి గ్రీజు పంపించమని ఆఫీసుకి అర్జీ పెట్టుకోవాలని వచ్చారు. సొంత డబ్బులతో కొని వేస్తున్నారట. ప్రభుత్వం తలుపులకి వీళ్ళెందుకు గ్రీజు కొనాలని అప్పుడే అడిగాను. కనకమ్మ నవ్వి, "వెయ్యకపోతే తిరగదు గదమ్మా" అంది.

ఆ తలుపుల సంగతి చెప్పకపోతే అబ్బులు గారి సంగతి అర్థం కాదు. దివిసీమ చేలల్లో మురుగంతా పెద్ద డ్రైను కాలవలోకి చేరి సముద్రంలోకి పోతుంది. అది సముద్రంలో కలిసే ముందు ఒక తూము, దానికి ఆరు ఇనప తలుపులు. పాటు తీసినప్పుడు, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు తలుపులు ఎత్తాలి, చేలల్లో నీళ్ళు బయటికి పోతాయి. సముద్రం పొంగి పోటు ఎక్కక ముందే దించాలి. ఒక అరగంట ఆలస్యమైతే ఉప్పునీరు కాలవ వెంట ఎదురెక్కి చేలల్లోకి వెళ్ళిపోతుంది. ఉప్పు తిన్న నేల మళ్ళీ దారికి రావడానికి రెండేళ్ళు పడుతుంది. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. అవి గడియారం చూసి రావు, రోజూ ముప్పావుగంట చొప్పున ఆలస్యమవుతూ పోతాయి. అంటే ఆ తలుపుల మనిషికి పగలూ రాత్రీ అని ఉండదు, ఆదివారం ఉండదు, పండగ ఉండదు. ఆ మనిషిని లస్కరు అంటారు.

డెబ్భై ఏడు ఉప్పెనలో అబ్బులు గారి పడవ, వల, తమ్ముడు పోయారు. మళ్ళీ పడవ కొనే శక్తి లేక ఎనభై నాలుగులో ఈ లస్కరు పనిలో చేరాడు. పోటు పాటుల లెక్క ఆఫీసులో ఏ ఇంజనీరుకీ ఆయనకి తెలిసినంత తెలీదు. నీటి రంగు చూసి ఇంకెంతసేపు ఉందో చెప్పేవాడు. కానీ ఒక మనిషి ఇరవై నాలుగు గంటలూ మేలుకుని ఉండలేడు కదా. ఒక పోటు ఆయన చూస్తే రెండోది కనకమ్మ చూసేది. ఇద్దరి పని, ఒక్క జీతం. అది కూడా జీతం కాదు, రోజు కూలి.

ఆ కూలికి ఆఫీసు వాళ్ళు పెట్టిన పేరు "కంటింజెంట్". ఆ మాట అబ్బులు గారికి ఎంత ఇష్టమో చెప్తే మీకు నవ్వొస్తుంది, నాకు ఏడుపొస్తుంది. ఆయన లెక్క ప్రకారం కూలివాడు వేరు, కంటింజెంటు వేరు. కూలివాడిని ఎవడైనా పిలుస్తాడు, కంటింజెంటుని ప్రభుత్వమే పిలుస్తుంది. నేను అర్జీ కొడుతుంటే మిషను మీదకి వంగి, "అమ్మాయ్, కంటింజెంటు అని పడిందా?" అని అడిగేవాడు. పడింది బాబాయ్ గారూ అంటే తృప్తిగా వెనక్కి జరిగేవాడు. పాలెంలో ఆయన్ని కంటింజెంటు గారు అని పిలిచేవాళ్ళు. కూతురు పెళ్ళి శుభలేఖ నాకు తెచ్చిచ్చాడు. పసుపు రాసిన కార్డు మీద, అమ్మవారి బొమ్మ కింద, "అబ్బులు, కంటింజెంట్ లస్కర్" అని అచ్చు వేయించాడు. నేను దాన్ని చదివి, స్పెల్లింగు సరిగ్గా ఉందని మెచ్చుకున్నాను.

తొంభై మే నెలలో తుఫాను వచ్చినప్పుడు ఊరంతా ఖాళీ చేసి అవనిగడ్డ పోతే వీళ్ళిద్దరూ తూము మీదే ఉండిపోయారు. తాడుతో ఒకరినొకరు కట్టుకుని తలుపులు దించారట. ఆ సంగతి నాకు ఆయన చెప్పలేదు. నాలుగేళ్ళ తర్వాత మాటల్లో కనకమ్మ నోరు జారింది.

ఇప్పుడు చలపతిరావు సంగతి. ఆఫీసు పేరు రాయను, ఆ కాలవలు చూసే ఆఫీసే. ఆయన అందులో వర్క్ ఇన్‌స్పెక్టరు. మస్టరు రాసేది ఆయనే. మస్టరు అంటే ఏ రోజు ఎవరు పనిలోకి వచ్చారో రాసే కాగితం. ఎనభై ఆరులో వచ్చీ రాగానే అబ్బులు గారిని కూర్చోబెట్టి తేనె పూసినట్టు చెప్పాడట: "చూడు అబ్బులూ, మూడు నెలలకి మించి ఒకే పేరు కనపడితే పైవాళ్ళు ప్రశ్నలేస్తారు. నాలుగో నెల మస్టర్లో మీ ఆవిడ పేరు రాస్తాను. మళ్ళీ మూడు నెలలు నీ పేరు. డబ్బు మీ ఇంటికే వస్తుంది, నీకేం పోయింది?"

ఇంకెవరైనా అయితే అనుమానపడేవాళ్ళేమో. అబ్బులు గారు సంబరపడ్డాడు. ఎందుకో నాకు తర్వాత అర్థమైంది. వాళ్ళది సముద్రం మీద వాటాల లెక్క. పడవ మీదకి ఇంటికో మనిషి వెళ్తాడు. అన్నకి జ్వరం వస్తే తమ్ముడు ఎక్కుతాడు, తమ్ముడు లేకపోతే బావమరిది ఎక్కుతాడు. ఎవడు ఎక్కినా వాటా ఇంటిదే. "ఫలానా రోజు నువ్వు రాలేదు కదా, మీ తమ్ముడొచ్చాడు, నీ వాటా తెగిపోయింది" అని ఆ ఒడ్డున ఎవడైనా అంటే వాడికి మతి పోయిందనుకుంటారు. మస్టరు కూడా అలాంటిదే అనుకున్నాడు ఈయన. పైగా తలుపులు తిప్పే తన భార్య పేరు ప్రభుత్వం కాగితం మీదకి ఎక్కుతోంది. చలపతిరావు ఎంత మంచివాడో అని ఏడాదికోసారి పండుగప్ప తెచ్చి ఆయనింట్లో ఇచ్చి వచ్చేవాడు. వినండి! తన మెడ కోసే మనిషికి చేప తీసుకెళ్ళి ఇచ్చేవాడు.

తొంభై నాలుగులో జీవో వచ్చింది. అయిదేళ్ళు ఎడతెగకుండా పనిచేసిన వాళ్ళని పర్మినెంటు చేస్తారని. కలెక్టరాఫీసు ముందు జాతర. నేను రోజుకి ముప్పై అర్జీలు కొట్టాను. అబ్బులు గారు, కనకమ్మ ఎండు మెత్తళ్ళ పొట్లం తీసుకుని వచ్చారు. ఆయన తొమ్మిదేళ్ళు దాటి చేశాడు. ఎవరికి రాకపోయినా ఈయనకి వస్తుందని నేను ఢంకా బజాయించి చెప్పాను.

అర్జీ సగం కొట్టాక ఆయన ఆపాడు.

"అమ్మాయ్, మా ఇంటిదాని పేరు కూడా ఎక్కాల. సంవత్సరం పొడుగూతా మా ఇల్లే చేసిందని ఉండాల. ఒక్క పోటు కూడా తప్పిపోలేదని."

"అలాగే బాబాయ్ గారూ. నాలుగో నెల పిన్ని పేరు రాస్తారన్నారుగా, అది కూడా వెయ్యనా?"

"వెయ్యి మరి. ఉన్నది చెప్పుకోడానికి భయమేంటి?"

నేను వేశాను. ఆ వాక్యం ఇంగ్లీషులో నేనే కట్టాను. ఎక్కడా పాత అర్జీలో లేదు. మిగిలిన నెలల్లో నా భార్య శ్రీమతి కనకమహాలక్ష్మి ఈ విధులు శ్రద్ధగా నిర్వర్తించినది అని. నా అంతట నేను అంత పొడుగు వాక్యం కట్టడం అదే మొదటిసారి. కాగితం బయటికి లాగి రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను. ఆ మురిసిపోయిన దాన్ని ఇప్పుడు దొరకబుచ్చుకుని చెంపలు వాయించాలనిపిస్తుంది.

మరుసటి ఏడాది విచారణకి పిలిచారు. పెద్దాఫీసరు, ఆయన పక్కన చలపతిరావు, ముందు మస్టర్ల కట్ట. అక్కడ ఏం జరిగిందో అబ్బులు గారు బయటికి వచ్చి నా బల్ల దగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆఫీసరు నా వాక్యాన్ని గట్టిగా చదివాడట.

"అంటే నాలుగో నెల నువ్వు పని చెయ్యలేదా?"

"చేశామండి."

"చేశామంటే ఎవరు? నువ్వా, నీ భార్యా?"

"మేమేనండి."

"ఇద్దర్లో ఎవరయ్యా?"

"ఇద్దర్లో అంటే ఏం చెప్పనండి. మా ఇల్లు చేసిందండి. తలుపు ఒక్కనాడు ఆగలేదండి."

ఆఫీసరుకి విసుగొచ్చింది. ఏదో రాసి సంతకం పెట్టమన్నాడు. ఈయన పెట్టాడు. చలపతిరావు ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడట. "నేనే అలా రాయించాను" అని ఒక్క మాట, ఒకే ఒక్క మాట, ఆ నోట్లోంచి రాలేదు. "పాపం ఆయనకి ఒంట్లో బాగున్నట్టు లేదు" అన్నాడు అబ్బులు గారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

తొంభై ఆరు జనవరిలో జవాబు వచ్చింది. కవరు విప్పకుండా అలాగే పట్టుకుని భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే నా బల్ల దగ్గరికి వచ్చారు. శుభవార్త నా చేత్తో విప్పించాలని. లోపల నాలుగు లైన్లు. అర్జీదారు తనకు తానే ఒప్పుకున్న ప్రకారం సర్వీసులో ఖాళీలు ఉన్నాయి. ఆయన నియామకం పూర్తిగా కంటింజెంట్ స్వభావం కలది. అందువల్ల అభ్యర్థన తిరస్కరించడమైనది.

మొదటి ముక్క చెప్పడానికి నేను నీళ్ళు నమిలాను. ఖాళీలు అంటే మీరు నాలుగో నెల చెయ్యలేదని అర్థం బాబాయ్ గారూ, అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, కోప్పడలేదు. రెండో ముక్క దగ్గర ఆగిపోయాడు.

"నేను కంటింజెంటునే గదా. అదే గదా నేను చెప్పేది. ఆ మాట రాసి, అందుకని ఇవ్వం అంటారేంటి? దానర్థం ఏంటమ్మాయ్?"

ఆ పదేళ్ళలో ఎన్ని వందలసార్లు ఆ మాట కొట్టి ఉంటానో. కళ్ళు మూసుకుని కొట్టగలను. అర్థం మాత్రం లేదు.

మిషను మీద గుడ్డ కప్పి, వాళ్ళిద్దర్నీ చిలకలపూడి మా ఇంటికి తీసుకెళ్ళాను. అన్నం వండి పెడుతూ, మా నాన్న ట్రంకు పెట్టె కిందకి దించాను. బైబిళ్ళ కింద ఆయన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఉంది. ఆయన పోయిన దగ్గర్నుంచి ఎవరూ తియ్యలేదు. అట్ట పురుగు పట్టింది. ఆ పుస్తకం అన్నేళ్ళూ నా మంచం కిందే ఉంది, నా నెత్తిన దుమ్ము పొయ్య. గడపలో కూర్చుని వెతికాను. దొరికింది. వాళ్ళు తింటున్నారు. పైకి చదివాను.

"ఖాయము కాని. వేరొకదాని మీద ఆధారపడిన. సంభవించవచ్చును, సంభవించకపోవచ్చును."

"ఇంకోసారి," అన్నాడు అబ్బులు గారు.

మళ్ళీ చదివాను. ఈసారి మామూలు మాటల్లో కూడా చెప్పాను. ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఇంకేదో ఉంటేనే ఇది ఉంటుంది. దీనికంటూ నిలకడ లేదు.

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. నేను తప్పు చెప్పానేమోనని మళ్ళీ పుస్తకంలోకి చూశాను.

"దేని మీద ఆధారం అమ్మాయ్?" అన్నాడు చివరికి. "ఇంకోదాని మీద ఆధారం అన్నావే, ఆ ఇంకోటి ఏంటి? పోటా? పోటు ఖాయం. మా తాత నాటి నించి ఒక్క పూట మానలేదు. తలుపులున్నయ్యి, ఇనపయి, ఎక్కడికీ పోవు. వెనకమాల చేలున్నయ్యి. ఉప్పునీళ్ళెక్కితే చస్తయ్యి, అదీ ఖాయమే. అన్నీ ఖాయమైనప్పుడు వాటి మజ్జెన నేనొక్కణ్ణి ఉండొచ్చు ఉండకపోవచ్చు ఎట్టా అవుతానమ్మా?"

నాకు ఏడుపు రావాలి, కోపం వచ్చింది. గట్టిగా అరిచాను. తలుపులు ఎత్తేసి వదిలెయ్యండి బాబాయ్ గారూ, ఒక్క అమావాస్యకి వదిలెయ్యండి, ఉప్పునీళ్ళు చలపతిరావు గడప దాకా రానివ్వండి, అప్పుడు తెలుస్తుంది ఎవడు ఖాయమో ఎవడు కాదో! పక్కింటి వాళ్ళు తొంగి చూశారు.

"చలపతిరావు గారికి చేలు లేవమ్మా," అన్నాడాయన. "మునిగేది వేరే వాళ్ళు."

అంతవరకూ తలెత్తని కనకమ్మ అప్పుడు అడిగింది. "మరి నేనేంటి? ఆయన పేరు లేని నెల నా పేరు రాశారు. నా పేరు లేని నెల ఆయన పేరు రాశారు. ఆయనా ఖాయం కాదు, నేనూ ఖాయం కాదు. మరి ఇన్నేళ్ళూ ఆ మర తిప్పింది దెయ్యమా?"

అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కుంది. ఆయన మాత్రం కంచం ఖాళీ చేసి, మూడింటి బస్సుకి వెళ్ళాలి, సందె పోటుకి అందుకోవాలి అన్నాడు. నాకు ఆయన మీద కూడా ఒళ్ళు మండింది. అంత మాట అనిపించుకుని ఇంకా సందె పోటు ఏంటండీ? కానీ ఆ మనిషి వెళ్ళాడు. కవరు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు.

ఫిబ్రవరి నెల కనకమ్మ పేరు రాసే నెల. పదో తారీఖున చలపతిరావు ఎప్పటిలాగే మస్టరు తీసుకుని తూము దగ్గరికి వెళ్ళి ఆవిడని సంతకం పెట్టమన్నాడు. ఆవిడ పెట్టనంది. "ఆయన పేరు రాయండి. లేదా ఇద్దరి పేర్లూ రాయండి. ఒకళ్ళని చెరిపి ఒకళ్ళని రాస్తే నేను చెయ్యి పెట్టను" అంది. సంతకం పెట్టకపోతే పనిలేదన్నాడాయన. లేకపోతే పోనీమంది. మరుసటి రోజుకల్లా తలుపులు తిప్పే హ్యాండిలు లాక్కుని వేరే మనిషిని పెట్టేశారు. పన్నెండేళ్ళ పని. ఒక రాత్రి, ఒక పగలు పట్టింది తీసెయ్యడానికి. కంటింజెంటు అంటే ఏమిటో నిఘంటువు కంటే చలపతిరావే బాగా వివరించాడు.

పాలెం నుంచి కార్డు ముక్క వచ్చింది. నేను ఆ రోజే కొత్త అర్జీ కొట్టాను. నా వాక్యం తీసేసి, తప్పు నాదని రాసి, పన్నెండేళ్ళ తారీఖులన్నీ వేసి అయిదు కాపీలు తీశాను. ఎవరికి పంపితే పనవుతుందో తెలీదు, అయినా కొట్టాను. మర్నాడు మొదటి బస్సెక్కి నాగాయలంక వెళ్ళాను. అక్కడి నుంచి రిక్షా, ఆ తర్వాత కరకట్ట మీద నడక. పదేళ్ళుగా పేరు టైపు కొట్టిన తూముని కళ్ళతో చూడటం అదే మొదలు. నేనేదో పెద్దది ఊహించుకున్నాను. మడ చెట్ల మధ్య తుప్పు పట్టిన ఆరు ఇనప రేకులు, పైన సన్నటి వంతెన, అంతే.

అమావాస్య వెళ్ళి మూడో రోజు. పోటు ఇంకా పెద్దదే. అబ్బులు గారు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పని పోయినా రోజూ వచ్చి కూర్చుంటున్నాడట. కనకమ్మ కాస్త అవతల, చింపిరి వల ఒకటి ముందేసుకుని బాగుచేస్తోంది. వంతెన మీద కొత్త మనిషి హ్యాండిలు పట్టుకుని నీళ్ళ వైపు బిత్తర చూపులు చూస్తున్నాడు. అతని పేరు లక్ష్మయ్య, కోడూరు అవతలి ఊరు. నలభై ఏళ్ళుంటాయి. రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవాడు. తెగులొచ్చి రొయ్యలన్నీ చచ్చిపోయాక ఆ పనీ పోయింది. చెడ్డవాడు కాదు. నేను తిట్టడానికి తయారై వెళ్ళాను, అతని మొహం చూశాక తిట్లు రాలేదు.

"ఎప్పుడు దించాలి బావా?" అని అడుగుతున్నాడు అబ్బులు గారిని.

తన పని తీసుకున్నవాడికి ఈయన నేర్పుతున్నాడు! నేను నెత్తి కొట్టుకున్నాను.

"చెప్తాలే. ఇంకా టైముంది. ఆ నురగ తెల్లగా ఉందే, అది గోధుమ రంగు తిరగాల," అన్నాడు అబ్బులు గారు. "దానికంటే ముందు ఒక మాట నేర్చుకో లక్ష్మయ్యా. నిన్ను కంటింజెంటు అంటారు. గొప్పగా ఉంటది వినడానికి. ఉండొచ్చు, ఉండకపోవచ్చు అని దానర్థం. నీ పనిని కాదు అనేది, నిన్ను. గుర్తు పెట్టుకో. నీ పేరు తప్ప వేరే పేరు మస్టర్లో ఎక్కనియ్యమాక. నీ ఇంటిదాని పేరు కూడా."

లక్ష్మయ్య తలూపాడు. "చెరువు కాడా అట్టాగే గదా బావా, కాకపోతే వాళ్ళు ఇంగిలీషులో చెప్పలేదు."

నేను అర్జీ కాగితాలు సంచిలోంచి తీస్తూ అతన్ని అడిగాను. "మరి మీ పేరు ఎక్కిందా? సంతకం పెట్టారా?"

"ఇంకా లేదమ్మా. ఈ నెల మస్టరు ముందే రాసేశారంట. వేలిముద్ర కూడా పడిపోయిందంట. ఎవరో కనకమహాలక్ష్మి అని, ఆవిడ పేరు మీద నడుస్తందంట ఈ నెలంతా. వచ్చే నెల నా పేరు రాస్తానని చలపతిరావు గారు మాటిచ్చారు."

కనకమ్మ సంతకం చేస్తుంది. నా ఎదుట ప్రతి అర్జీ కిందా ఆయన సంతకం పక్కనే గుండ్రంగా, అక్షరం అక్షరం విడదీసి సంతకం చేసింది. ఆవిడకి వేలిముద్ర ఏంటి? పెట్టనన్న మనిషి పేరు మీద ఎవరి వేలో అద్దేశారు. పనిలోంచి తీసేసి కూడా ఆవిడ పేరు వదల్లేదు.

లక్ష్మయ్యకి మా మొహాలు చూసి భయం వేసింది. "నేనేమన్నా తప్పు మాట్లాడానా?" అన్నాడు.

కనకమ్మ ఒళ్ళో వల పక్కకి తోసి లేచింది. కొంగు నడుముకి చుట్టి బిగించింది. వంతెన మెట్లెక్కి అతని ముందు నిలబడింది.

"కనకమహాలక్ష్మిని నేనే. ఆ హ్యాండిలు ఇటియ్యి."

"అక్కా, నన్ను పెట్టారు…"

"నిన్ను ఎవరూ పెట్టలా. కాగితంలో నేనున్నా. ఈ నెల నా డ్యూటీ. తప్పుకో."

అతను ఇచ్చేశాడు. ఆవిడ మొదటి తలుపు మరకి హ్యాండిలు తగిలించి తిప్పడం మొదలుపెట్టింది. గ్రీజు లేక కీచుమంది. అబ్బులు గారు అలవాటుగా లేచి అటు నడవబోయాడు.

"నువ్వు కూచో," అంది ఆవిడ వెనక్కి తిరక్కుండానే. "ఇది నీ నెల కాదు."

ఆయన కూర్చున్నాడు. పదేళ్ళలో ఆయన కళ్ళలో నీళ్ళు చూడటం అదొక్కసారే. నీటి మీద నురగ రంగు మారింది. కనకమ్మ ఒక్కతే ఒక్కో తలుపూ దించుకుంటూ వెళ్ళింది. లక్ష్మయ్య సాయం పట్టబోతే మోచేత్తో నెట్టేసింది. ఆరోది దిగేసరికి అవతల వైపు సముద్రం నీళ్ళు తలుపుకి ఇంచుమించు సగానికి వచ్చాయి. ఇవతల కాలవ కదలకుండా ఉంది. ఆవిడ చెమట తుడుచుకుని, హ్యాండిలు చేత్తో పట్టుకునే నా దగ్గరికి వచ్చింది.

"అమ్మాయ్, ఆ కాగితాలు చించెయ్. కొత్తది కొట్టు. ఫలానా తారీఖున, ఫలానా పోటుకి, కనకమహాలక్ష్మి ఆరు తలుపులూ దించింది, ముగ్గురు చూశారు అని కొట్టు. రేపు కూడా దించుద్ది, ఎల్లుండి కూడా దించుద్ది. కూలీ ఇస్తారో పోలీసుల్ని పిలుస్తారో పిలవమను."

"సరే పిన్నీ. ఏమని కొట్టమంటారు, లస్కరు అనా?"

"లస్కరు అని కొట్టు," అంది. "దాని ముందు ఆ మాట మాత్రం పెట్టమాక."